పెరడు, చెట్లు, పెంపుడు జంతువులు: గోడ లోపల ఎంత, గోడ దాటి ఎంత

మీ ఇంటి చుట్టూ పెద్ద పెరడు, అందులో పచ్చిక, ఐదారు చెట్లు ఉన్నాయనీ, ఒక కుక్కనూ బయట స్వేచ్ఛగా తిరిగే రెండు పిల్లులనూ పెంచుకుంటున్నారనీ, ఇవన్నీ కలిసి పర్యావరణానికి మేలు చేస్తున్నాయో కీడు చేస్తున్నాయో చెప్పమనీ రాశారు. మీ కారు వదిలే పొగకు ఈ చెట్లు సరిపోతాయా అన్నది మీ మొదటి ప్రశ్న. పెరట్లోని పరదేశపు చెట్టును కొట్టేసి ఆ చోట స్థానిక జాతి చెట్టు నాటవచ్చా అన్నది చివరి ప్రశ్న. ఇళ్ల తోటలను చూసి సలహా చెప్పడం ఇరవై ఏళ్లకు పైగా నా వృత్తి; ఇంట్లో పిల్లిని పెంచుకుంటున్నవాణ్ణి కూడా కాబట్టి, కింద రాసిన వాటిలో కొన్ని నాకూ చేదుగానే తగిలాయి.

కారు లెక్కతోనే మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది అక్కడే పొరపడతారు. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బన్ ఉంటుంది. ఒక కిలో కార్బన్ కలపగా నిలవడానికి చెట్టు గాలిలోంచి సుమారు 3.67 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకోవాలి. మీ పెరట్లో ముప్ఫై నలభై ఏళ్లుగా పెరుగుతున్న ఒక పెద్ద చెట్టు మాను, కొమ్మలు, వేళ్లు కలిపి ఎండు బరువు ఒక టన్ను అనుకుంటే, అది ఇన్నేళ్లలో దాచిపెట్టిన కార్బన్ డయాక్సైడ్ దాదాపు 1.8 టన్నులు. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే ఆ చెట్టు దశాబ్దాల కష్టం సుమారు 800 లీటర్ల పెట్రోలుతో చెల్లిపోతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారు అంత పెట్రోలును 12,000 కిలోమీటర్లలో తాగేస్తుంది. చాలా ఇళ్లలో అది ఒక ఏడాది ప్రయాణం. పైగా చెట్టు పడిపోయి కుళ్లినా, నరికి కాల్చినా, దాచిన దానిలో ఎక్కువ భాగం మళ్లీ గాలిలోకే పోతుంది. కాబట్టి ఐదారు చెట్ల పేరు చెప్పుకొని కారు తిప్పడానికి వీలు లేదు.

అలాగని చెట్ల విలువ తక్కువని నేను అనడం లేదు. మీరు విలువ కట్టిన చోటు సరైనది కాదని మాత్రమే అంటున్నాను. చెట్టు చేసే పెద్ద పని నీటితో చేసే పని. వేళ్లు పీల్చిన నీరు ఆకుల అడుగున ఉండే పత్రరంధ్రాల గుండా ఆవిరైపోతుంది, ఆ ఆవిరి కావడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచీ ఆకు నుంచీ తీసుకుంటుంది. నేలలో తడి ఉన్న ఎండాకాలపు రోజున పెద్ద చెట్టు ఒకటి 100 లీటర్లకు పైగా నీటిని ఇలా వదలగలదు. ఆ 100 లీటర్లు ఆవిరి కావడానికి దాదాపు 68 యూనిట్ల విద్యుత్తుతో సమానమైన వేడి ఖర్చవుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ యంత్రం ఆగకుండా 13 గంటలు నడిచి గదిలోంచి తోసేసే వేడి ఇంచుమించు అంతే. తేడా ఏమిటంటే, ఏసీ ఆ వేడిని వీధిలోకి నెట్టుతుంది, చెట్టు వీధిని కూడా చల్లబరుస్తుంది. అయితే చెట్టు ఇచ్చే చల్లదనంలో చాలా భాగం గాలికి కొట్టుకుపోతుంది, అంతా మీ గదిలోకి రాదు. నేల ఎండిపోతే పత్రరంధ్రాలు మూసుకుంటాయి కాబట్టి, మనకు చల్లదనం మరీ అవసరమైన రోజుల్లోనే ఈ పని మందగిస్తుంది. అప్పుడు కూడా మిగిలేది నీడ. మధ్యాహ్నం మూడు గంటల ఎండ పడే పడమటి గోడకు నీడ పట్టే చెట్టు, మరో పక్కన ఎక్కడో ఉన్న రెండు చెట్ల కంటే ఎక్కువ విద్యుత్తు ఆదా చేస్తుంది. కొత్తగా ఒకే చెట్టు నాటే చోటుంటే అది ఇంటికి పడమర వైపున, పునాదికి తగినంత దూరంలో ఉండాలని నేను అందరికీ చెబుతాను.

చెట్ల మీద ఒక నింద కూడా ఉంది, దాన్ని దాచను. నీలగిరి తైలం చెట్లు, పాప్లర్ జాతి, ఓక్ జాతి వంటివి ఐసోప్రీన్ అనే వాయువును విడుదల చేస్తాయి. అది వాహనాల పొగలోని నత్రజని ఆక్సైడ్లతో ఎండలో కలిసినప్పుడు నేల మట్టంలో ఓజోన్ తయారవుతుంది. వాహనాల రద్దీ విపరీతంగా ఉన్న చోట వందల చెట్లు నాటే వారు ఆలోచించవలసిన విషయమే గాని, ఒక పెరటికి ఇది భయపడవలసినంత కాదు. తప్పు పొగదే.

ఇక మేలు ఎక్కడుందో చూడాలంటే ఒక ఆకును తిరగేసి చూడాలి. నేను కొత్త తోటకు వెళ్లినప్పుడు పూలకంటే ముందు ఆకుల అడుగు చూస్తాను. ఆవగింజలో సగం కూడా లేని గుడ్లు వరుసలుగా అంటుకుని ఉండటం, అంచున అర్ధచంద్రాకారంలో కొరికిన గాట్లు, కింది ఆకు మీద మిరియపు పొడి చల్లినట్టు గొంగళిపురుగుల రెట్టలు కనిపిస్తే ఆ చెట్టు పని చేస్తోందని అర్థం. ఏళ్ల తరబడి ఒక్క గాటు కూడా లేని నిగనిగలాడే ఆకులు ఇంటి యజమానికి ముచ్చట గొలుపుతాయి గాని, పిట్ట లెక్కలో ఆ చెట్టు ప్లాస్టిక్ చెట్టుతో సమానం. ఆకులను తినే పురుగుల్లో ఎక్కువ భాగం తాము తరతరాలుగా అలవాటుపడిన మొక్కల కుటుంబాలనే తినగలవు. మరో ఖండం నుంచి వచ్చిన మొక్క ఆకులోని రసాయనాలు వాటికి పడవు. గింజలు తినే పిట్టలు సైతం తమ పిల్లలకు చాలావరకు పురుగులనే మేపుతాయి. అమెరికాలోని వాషింగ్టన్ నగర పరిసరాల్లోని పెరళ్లలో కరోలైనా చికడీ అనే చిన్న పిట్టను గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనం, మొక్కల మొత్తంలో స్థానిక జాతులు కనీసం 70 శాతం ఉన్న పెరళ్లలోనే ఆ పిట్ట సంతతి తగ్గిపోకుండా నిలుస్తుందని తేల్చింది. ఆ పిట్ట ఒక్క విడత పిల్లలను పెంచి ఎగరేయడానికి వేల సంఖ్యలో గొంగళిపురుగులు కావాలి.

అయితే ఈ 70 శాతం మాటను వేదవాక్యంగా పట్టుకుని ఇష్టమైన మొక్కలన్నీ పీకేయవద్దు. ఇంగ్లండులోని లీస్టర్ నగరంలో జెన్నిఫర్ ఓవెన్ అనే జీవశాస్త్రవేత్త 741 చదరపు మీటర్ల తన మామూలు ఇంటి తోటలో 30 ఏళ్ల పాటు కనిపించిన ప్రాణులన్నింటినీ నమోదు చేశారు. తేలిన లెక్క 2,673 జాతులు. అందులో 1,997 కీటకాలే. అది అడవిలా వదిలేసిన నేల కాదు, కూరగాయలు, పూలు, పచ్చిక, పరదేశపు మొక్కలు అన్నీ కలగలిసిన తోట. ఆమె పురుగుమందులు వాడలేదు. నా అనుభవం కూడా ఇదే చెబుతుంది. తోటలో రకరకాల ఎత్తుల మొక్కలు, రాలిన ఆకులు, ఎండిన ఒక మోడు, మందు కొట్టని చేయి ఉంటే, జాతుల శుద్ధి గురించి మరీ పట్టింపు అక్కర్లేదు.

పచ్చిక విషయంలో మాత్రం నేను కొంచెం కఠినంగానే ఉంటాను. 2005లో ఉపగ్రహ చిత్రాల సాయంతో వేసిన ఒక అంచనా ప్రకారం అమెరికాలో పచ్చిక పరుచుకున్న నేల సుమారు 1,63,800 చదరపు కిలోమీటర్లు. అక్కడ నీరు కట్టి పండించే ఏ ఒక్క పంటకూ అంత విస్తీర్ణం లేదు. తినడానికి ఏమీ ఇవ్వని పంటకు నీరు, ఎరువు, యంత్రం మూడూ కావాలి. వేసిన నత్రజని ఎరువులో మొక్క తీసుకోని భాగం కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది. వందేళ్ల లెక్కన అది బరువుకు బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 273 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. కాబట్టి పచ్చిక కార్బన్‌ను పీలుస్తుందన్న మాట, ఎరువు సంచీ విప్పగానే చాలావరకు చెల్లిపోతుంది. పిల్లలు ఆడుకునేంత మేర ఉంచుకుని మిగతా చోట పొదలు పెంచండి. ఉంచుకున్న దాన్ని వారానికొకసారి కాక రెండు వారాలకొకసారి కోయండి, కోసిన గడ్డిని అక్కడే వదిలేయండి, అదే దానికి ఎరువు. గడ్డిలో పూసే చిన్న చిన్న పూలు తేనెటీగలకు అందేది ఆ రెండో వారంలోనే.

రాలిన ఆకుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే పెరటి పనుల్లో నేను చూసిన అతి పెద్ద తెలివితక్కువ పని ఆకులను ఊడ్చి తగలబెట్టడం. ఆ పొగ ఊపిరితిత్తులకు హాని, ఆ బూడిదతో పాటు ఆకుల్లో చలికాలమో ఎండాకాలమో గడిపే ప్యూపాలూ గుడ్లూ మాడిపోతాయి. రెండేళ్లు ఊడ్చకుండా వదిలిన చెట్టు మొదట్లో మీ చూపుడువేలిని గుచ్చి చూడండి. పైన గలగలలాడే ఎండు ఆకు, దాని కింద జల్లెడలా చిల్లులు పడి ఈనెలు మాత్రమే మిగిలిన ఆకు, ఆ కింద టీపొడిలాంటి నల్లటి పదార్థం తగిలి, వేలు రెండో కణుపు దాకా సులువుగా దిగుతుంది. ఊడ్చిన చోట గోరు కూడా దిగదు. వాన పడినప్పుడు తేడా అక్కడే బయటపడుతుంది. 100 చదరపు మీటర్ల నేల మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే అది 5,000 లీటర్ల నీరు. సిమెంటు పరిస్తే దాదాపు ఆ మొత్తం కాలువ పాలవుతుంది. మెత్తని నేల అయితే చాలా భాగాన్ని ఇంకించుకుంటుంది. పెరడు మొత్తానికి రాళ్లు పరిపించి, కుండీల్లో మొక్కలు పెట్టి పచ్చదనం పెంచామనుకునే వారిని చూస్తే నాకు ఏం చెప్పాలో తోచదు. ఆ కుండీల్లోకి కొనే మట్టి మిశ్రమంలో పీట్, అంటే చిత్తడి నేలల్లో సగం కుళ్లి పేరుకున్న మొక్కల పదార్థం, ఉందేమో కూడా చూసుకోండి. భూమి మీద నేలలో 3 శాతం మాత్రమే ఉన్న పీట్ నేలలు ప్రపంచంలోని అడవులన్నీ కలిపి దాచిన దానికంటే ఎక్కువ కార్బన్‌ను దాచుకున్నాయి. తవ్వి ఆరబెడితే అది గాలిలో కలుస్తుంది. కుండీల్లో పీట్ చేసే పని ఆకుల ఎరువుతోనే జరుగుతుంది.

ఇంతవరకు చెప్పినవి చాలావరకు మీ గోడ లోపలివి. అసలు బరువు గోడ దాటి పోయే వాటిలో ఉంది, వాటిలో మొదట మీ పిల్లులు.

పిల్లి యజమానులు, నాతో సహా, మా పిల్లి వేటాడదని నమ్ముతారు. అమెరికాలో 55 పెంపుడు పిల్లుల మెడకు చిన్న కెమెరాలు కట్టి చూసినప్పుడు వాటిలో 44 శాతం వేటాడాయి, పట్టిన జీవుల్లో ఇంటికి తెచ్చినవి నాలుగో వంతు కూడా లేవు. దాదాపు సగం చంపిన చోటే పడి ఉన్నాయి. అంటే గుమ్మం ముందు నెలకు ఒక పిట్ట కనిపిస్తే నాలుగు చచ్చాయని అనుకోవడం న్యాయం. అమెరికాలో పిల్లుల వల్ల ఏటా చచ్చే పక్షులు 130 కోట్ల నుంచి 400 కోట్ల దాకా ఉంటాయని 2013 నాటి అంచనా; అందులో ఎక్కువ భాగం యజమాని లేని పిల్లుల పని. ఆస్ట్రేలియాలో ఆ సంఖ్య ఏటా సుమారు 37.7 కోట్లు. ఆరు దేశాల్లో 900కు పైగా పెంపుడు పిల్లులకు జీపీఎస్ కట్టి చూసిన అధ్యయనంలో అవి చాలావరకు ఇంటికి 100 మీటర్ల లోపే తిరిగాయని తేలింది. వినడానికి ఇది ఊరట కలిగించే మాటలా ఉంటుంది గాని అర్థం వేరు. అడవిలోని వేటజంతువుకు చదరపు కిలోమీటర్లు కావాలి, తిండి తగ్గితే దాని సంఖ్యా తగ్గుతుంది. మన పిల్లికి ఇంట్లో గిన్నె నిండుగా ఉంటుంది కాబట్టి, చుట్టుపక్కల పిట్టలు అంతరించినా దాని సంఖ్య తగ్గదు, ఒకే వీధిలో పది పిల్లులు ఉండగలవు. అందుకే ఆ చిన్న వలయంలో వాటి దెబ్బ అదే పరిమాణంలోని అడవి వేటజంతువు కంటే 4 నుంచి 10 రెట్లు ఎక్కువని ఆ అధ్యయనం లెక్క కట్టింది. మీరు పిట్టల కోసం నాటిన పొద అదే వలయంలో ఉందని మరిచిపోకండి.

పూర్తిగా ఇంట్లోనే ఉంచడం మంచి పరిష్కారం. అది కుదరకపోతే తెల్లవారుజామున, సందె వేళ తలుపులు మూయండి. మెడలో గంట కట్టడం మీద నాకు నమ్మకం లేదు. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు 2021లో ప్రచురించిన ప్రయోగంలో గంట వల్ల చెప్పుకోదగిన ఫలితం కనిపించలేదు. మాంసం పాళ్లు ఎక్కువగా, ధాన్యం లేకుండా ఉన్న తిండి పెట్టినప్పుడు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ ఐదు పది నిమిషాలు దానితో ఈకల బొమ్మతో ఆడితే 25 శాతం తగ్గింది. రంగురంగుల గుడ్డ పట్టీ మెడకు వేస్తే తెచ్చే పిట్టలు 42 శాతం తగ్గాయి. మా పిల్లికి ఆ పట్టీ వేసిన మొదటి రోజు అది నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. పిల్లి మలాన్ని మరుగుదొడ్లో వేసి నీళ్లు కొట్టే అలవాటుంటే మానండి. అందులోని టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి నీటి వెంట సముద్రం దాకా చేరుతుంది, కాలిఫోర్నియా తీరంలో నీటికుక్కల చావుల్లో దాని పాత్ర నిరూపితమైనదే.

కుక్క వేటకంటే దాని విసర్జన, దాని మందు ఎక్కువ ఆలోచించవలసినవి. బెల్జియంలోని గెంట్ నగరం పక్కనున్న ప్రకృతి రక్షిత స్థలాల్లో వాహ్యాళికి వచ్చే కుక్కల వల్ల హెక్టారుకు ఏటా సుమారు 11 కిలోల నత్రజని, 5 కిలోల భాస్వరం నేలలో చేరుతున్నాయని 2022లో లెక్క తేల్చారు. ఎరువే కదా అనిపిస్తుంది. సారం తక్కువ నేలల్లో బతికే అరుదైన మొక్కలను, ఎరువు దొరకగానే విజృంభించే గడ్డి, దురదగొండి వంటివి కప్పేస్తాయి. అక్కడ ఎరువే విషం. యజమాని మలాన్ని ఎత్తేస్తే భాస్వరం 97 శాతం, నత్రజని 56 శాతం తగ్గుతాయి. మూత్రాన్ని ఎత్తలేం కాబట్టి అలాంటి చోట్ల పట్టీ విప్పకుండా బాట మీదే నడిపించాలి.

మందు సంగతి చాలామందికి తెలియనే తెలియదు. గోమార్లు, పిడుదులు పట్టకుండా మెడ వెనుక వేసే చుక్కల్లో తరచూ ఉండేవి ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్. ఇంగ్లండులోని 20 నదుల నుంచి 2016కూ 2018కీ మధ్య తీసిన నీటి నమూనాల్లో 98 శాతంలో ఫిప్రోనిల్, 66 శాతంలో ఇమిడాక్లోప్రిడ్ కనిపించాయి. పొలాల్లో వాటి వాడకం చాలా తగ్గిపోయిన కాలమది కాబట్టి, అనుమానం పెంపుడు జంతువుల మందుల మీదికే పోయింది. స్నానం చేయించిన నీరు, ఉతికిన పరుపు గుడ్డ, చేతులు కడిగిన నీరు, చెరువులో ఈత, ఇవే దారులు. పిట్టలు గూటి పరుపు కోసం ఏరుకునే వెంట్రుకల వెంటా ఆ మందు గుడ్లను చేరుతుంది. కుక్కకు పురుగు పట్టినా పట్టకపోయినా నెల నెలా చుక్కలు వేసే పద్ధతి మాని, పశువైద్యుణ్ణి సంప్రదించి, అవసరం ఉన్న కాలంలోనే వాడండి. వేశాక కొన్ని రోజులు నీళ్లలోకి దించవద్దు. దువ్విన వెంట్రుకలను పెరట్లో గాలికి వదలకుండా చెత్తలో వేయండి. గోమార్ల వల్ల జబ్బులు వచ్చే చోట మందు పూర్తిగా మానమని నేను అనను.

తిండి విషయానికి వస్తే, ప్రపంచమంతటా పిల్లులకు, కుక్కలకు తయారయ్యే పొడి తిండి వల్లనే ఏటా 5.6 కోట్ల నుంచి 15.1 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వెలువడుతున్నాయని 2020 నాటి అంచనా. అంకెలో అంత తేడా ఎందుకంటే, మనుషులు తినని పేగులు, కాలేయం, ఎముక వంటి భాగాలను లెక్కలో ఎంత మేరకు వేయాలన్నది ఇంకా వివాదమే. కుక్కను పెంచడం పెద్ద కారును నడపడంతో సమానమని అప్పుడప్పుడు వినిపించే మాటకు ఆధారం అందుకే బలహీనం. కాని ఒకటి స్పష్టం. తడి తిండి డబ్బాల్లో మాంసం పాళ్లు ఎక్కువ. బ్రెజిల్‌లో 2022లో వేసిన లెక్క ప్రకారం పది కిలోల కుక్కకు ఏడాది పాటు పొడి తిండి పెడితే వెలువడేది 828 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం, తడి తిండి పెడితే 6,541 కిలోలకు. గొడ్డు మాంసం కంటే కోడి మాంసం, మనుషులు తినే ముక్కల కంటే మిగిలిన భాగాలు, కుక్క బరువుకు సరిపడే కొలత, ఇవి చాలు. పిల్లికి మాత్రం శాకాహారం ప్రయోగాలు చేయకండి. టారిన్ అనే పదార్థం అందకపోతే దాని కళ్లు, గుండె దెబ్బతింటాయి.

గోడ దాటే మరో రెండింటిని క్లుప్తంగా చెబుతాను. పెంచలేక చెరువులో వదిలే చేపలు, తాబేళ్లు ఒకటి. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో పెంపుడు వ్యాపారం ద్వారా వచ్చిన బర్మా కొండచిలువలు స్థిరపడిన చోట రకూన్లు అనే చిన్న జంతువులు కనబడటం 99 శాతానికి పైగా తగ్గిపోయిందని 2012లో తేలింది. రెండోది, పిట్టలు తిని విత్తనాలు వెదజల్లే పరదేశపు అలంకార మొక్కలు. తహితీ దీవికి 1937లో తోట మొక్కగా తెచ్చిన మికోనియా ఇప్పుడు ఆ దీవిలో దాదాపు మూడింట రెండు వంతుల నేలను ఆక్రమించింది.

మీ చివరి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఆ చెట్టు కింద, గోడ అవతల, పక్క ఖాళీ స్థలంలో దాని మొలకలు వస్తున్నాయేమో ఒక వర్షాకాలం గడిచాక వెతకండి. పదుల సంఖ్యలో మొలకలు కనిపిస్తే అది వ్యాపించే జాతి; అప్పుడు పూత కాలానికి ముందే తీసేయడం మేలు. మొలకలేవీ లేకపోతే కొట్టకండి. ఇప్పటికే పెరిగిన చెట్టు ఇచ్చే నీడ, నీటి ఆవిరి, తొర్రలు కొత్త మొక్క ఇవ్వడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. దాని నీడ అంచున, ఎండ పడే వైపు స్థానిక జాతి మొక్కను ఇప్పుడే నాటండి. అది గోడ ఎత్తు దాటి, పాతదాన్ని మించి నీడ పట్టే రోజున పాతదాన్ని కొమ్మలు కొమ్మలుగా, గూళ్లు ఖాళీగా ఉన్న నెలలు చూసి తగ్గించుకుంటూ రావచ్చు. మాను మాత్రం మనిషి ఎత్తున మోడుగా వదిలేయండి, వడ్రంగిపిట్టలు వస్తాయి.